హిజ్లీ ముంగిట బాకా

(బ్యాండు మాస్టారి స్మారక సభలో, ఖరగ్‌పూర్‌లో చేసిన ప్రసంగపాఠం)

  వెనక గోడవార నిలబడ్డ పిల్లలూ, మీరు దయచేసి ముందుకొచ్చి కూర్చోండి. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది మీ గురించే.

మాస్టారిని ఈ ఊళ్ళో ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. రైల్వే వర్క్‌షాపు లోపల ఆయన ఫిట్టరు. షాపు బయట బ్యాండు మాస్టారు. పెళ్ళి ఊరేగింపులో, మాతా పూజ నాడు ఘటాల ముందు, ఎవరైనా నిండు వయసులో పోతే పాడె ముందు, ఆయన క్లారినెట్ వినని తెలుగు ఇల్లు ఇక్కడ లేదు. అందుకే నేనూ మాస్టారు అనే అంటాను.

సంగతి ఇది. మన పిల్లలు ఐదుగురు కలిసి రెండేళ్ళుగా జాజ్ వాయిస్తున్నారు. శాక్సఫోన్, ట్రంపెట్, కీబోర్డు, బేస్ గిటారు, డ్రమ్ములు. ఇద్దరు తెలుగువాళ్ళు, ఒకబ్బాయి బెంగాలీ, ఒకడి ఇంట్లో ఒడియా మాట్లాడతారు, బేస్ వాయించే అమ్మాయిది ఆంగ్లో ఇండియన్ కుటుంబం. మన వీధుల్లో ఇది వింత కాదు. హిజ్లీలో నెహ్రూ మ్యూజియం ముందున్న ఆవరణలో, ఆరుబయట, ఒక సాయంత్రం వాయించాలని వాళ్ళ కోరిక. అనుమతి అడగాలంటే ముందు ఊరి పెద్దల మాట కావాలన్నారు. ఆ మాట కోసం కూర్చున్నప్పుడు ఒక పెద్దాయన, నాకు ఎంతో గౌరవం ఉన్న మనిషి, ఒక్క ప్రశ్న వేశారు. "ప్రాణాలు పోయిన చోటు కదా బాబూ, అక్కడ హోటళ్ళలో డాన్సుకు వాయించే పాటలా?" అన్నారు. పిల్లలు తల దించుకున్నారు. నాకూ వెంటనే జవాబు తోచలేదు. ఇంటికెళ్ళి నాలుగు రోజులు ఆలోచించాను. ఈ ఉపన్యాసం ఆయనకు నేనిస్తున్న జవాబు. ఆయన ఇక్కడే ఉన్నారు. ఓపిగ్గా వినమని కోరుతున్నాను.

ముందు ఆ చోటు సంగతి. ఆ మ్యూజియం ఉన్న భవనంలో 1930లో ఆంగ్ల ప్రభుత్వం నిర్బంధ శిబిరం తెరిచింది. విచారణ లేకుండా పట్టుకొచ్చిన యువకులతో జైళ్ళు నిండిపోయి, చాలక, అదొకటి పెట్టారు. 1931 సెప్టెంబరు 16 రాత్రి కాపలా పోలీసులు ఆయుధాలు లేని ఖైదీల మీద కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా చనిపోయారు. వాళ్ళ దేహాల్ని తీసుకువెళ్ళడానికి సుభాష్ చంద్ర బోస్ హిజ్లీకి వచ్చారు. కలకత్తా మైదానంలో జరిగిన నిరసన సభలో, ఒంట్లో బాగులేకపోయినా, రవీంద్రనాథ్ ఠాగూర్ నిలబడి మాట్లాడారు. పెద్దాయన మాటలో ఉన్న బరువు ఇదీ. ఆ బరువును తగ్గించి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు.

1951లో ఆ భవనంలోనే దేశంలో మొదటి ఐఐటీ మొదలైంది. 1990లో అదే పాత భవనంలో మ్యూజియం పెట్టారు. బయట తోటలో ఒక ఆవిరి ఇంజను, ఒక హంటర్ యుద్ధ విమానం ఉన్నాయి. పిల్లలు వాయించాలనుకుంటున్నది ఆ ముంగిట్లోనే. అయితే 1931కీ 1951కీ మధ్య ఆ గోడల్లో ఇంకో కథ జరిగింది. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు పట్టాల సంగతి చూద్దాం.

బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో పుట్టింది. నాగపూర్ నుంచి అసన్‌సోల్ దాకా లైను 1891కి పూర్తయింది. తర్వాత కలకత్తాకు, కటకానికి దారులు వేయాల్సి వచ్చినప్పుడు, ఎర్రమట్టి దిబ్బల మీద, చిట్టడవి మధ్య, ఈ ఊరిని కూడలిగా ఎంచుకున్నారు. 1899 నాటికి కటకం వైపు బండ్లు నడిచాయి. 1900లో కోలాఘాట్ దగ్గర రూప్‌నారాయణ్ మీద వంతెన పూర్తయి హౌరాతో కలిసింది. 1902లో కటకం నుంచి వాల్తేరు దాకా ఉన్న తూర్పు తీరపు లైను కూడా ఈ కంపెనీ చేతికి వచ్చింది. మన తాతలు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల నుంచి ఆ లైను మీదే వచ్చారు. గేంగుల్లో పట్టాలు మోశారు. షెడ్లలో బొగ్గు ఎత్తారు. వర్క్‌షాపులో సుత్తి పట్టారు. నీంపురా, మథురాకాటి క్వార్టర్లలో మన అరుగు మాట, మన గోంగూర, మన అమ్మవారు స్థిరపడ్డాయి.

సరిగ్గా అవే ఏళ్ళలో భూగోళానికి అవతల, అమెరికాలో, న్యూ ఆర్లియన్స్ అనే రేవు పట్నంలో బడ్డీ బోల్డెన్ అనే నల్లజాతి యువకుడు కార్నెట్ ఊదుతున్నాడు. 1877లో పుట్టాడు. మన స్టేషను కొత్తగా ఉన్న రోజుల్లో అతను ఆ ఊరి పార్కుల్లో, ఆరుబయట, పెద్ద గొంతుతో వాయించి పేరు తెచ్చుకున్నాడు. 1907లో మతి చలించి ఆసుపత్రి పాలయ్యాడు. మళ్ళీ బయటికి రాలేదు. అతని వాద్యం ఒక్క రికార్డు మీద కూడా మిగల్లేదు. జాజ్ అని తర్వాత పేరు పడ్డ సంగీతానికి మొదటివాళ్ళలో అతనొకడని విన్నవాళ్ళంతా చెప్పుకున్నారు. మన షాపు, ఆ సంగీతం ఒకే ఈడువి. ఈ సంగతి మొదటిసారి గమనించినప్పుడు నా ఒళ్ళు జలదరించింది.

ఆ ఊళ్ళో అంతకుముందే, బానిసత్వం ఉన్న కాలంలోనే, ఆదివారాలు కాంగో స్క్వేర్ అనే బయలులో బానిసలు గుమిగూడి డోళ్ళు కొట్టి పాడుకునేవారు. బానిసత్వం పోయాక సైన్యపు బ్యాండ్ల పాత వాద్యాలు చౌకగా దొరికితే కొనుక్కుని, చెవితోనే నేర్చుకుని వాయించారు. మన దగ్గరా అంతే కదా. కంటోన్మెంట్లలో తెల్లవారి సైన్యపు బ్యాండ్లు ఊదిన బాకాలు, క్లారినెట్లు పెళ్ళిళ్ళ బ్యాండు మేళాల చేతికి వచ్చాయి. ఇప్పటికీ మీరట్ జలీ కోఠీ వీధిలో ఇత్తడి రేకు వంచి బాకాలు చేస్తున్నారు. మాస్టారి దగ్గర మొదట ఉన్న ట్రంపెట్ కూడా మీరట్‌దే. చివర గిన్నె మీద సొట్ట ఉండేది. షాపులో దాన్ని కొయ్యసుత్తితో లోపలి నుంచి మెల్లగా తట్టి తీశారు. కానీ ఆ చోట మెరుపు మళ్ళీ రాలేదు.

వాద్యం పరాయిదని దూరం పెట్టే అలవాటు మనకు ఎప్పుడూ లేదు. విజయనగరంలో 1919లో సంగీత కళాశాల తెరిచినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు ప్రిన్సిపాలు. వయొలిన్ ఆచార్యుడిగా ద్వారం వెంకటస్వామినాయుడు గారు చేరారు. అప్పటికి ఆయనకు ఇరవై ఆరేళ్ళు. ఆయన చేతిలో ఆ ఐరోపా పెట్టె ఎంత తెలుగుదైపోయిందో మీలో పాతవాళ్ళకు రేడియోలో విన్న జ్ఞాపకం ఉంటుంది. ఇవాళ వయొలిన్ మనది కాదని ఎవరైనా అంటే మనకే కోపం వస్తుంది. మన తాతలు ఊరు విడిచిన దారిలోనే విజయనగరం స్టేషను ఉంది కనుక ఈ మాట ఇక్కడ చెప్పాను.

ఇప్పుడు పెద్దాయన ప్రశ్నకు అసలు జవాబు. న్యూ ఆర్లియన్స్‌లో బీదవాళ్ళు సంఘాలు కట్టుకుని, నెలనెలా చందా వేసుకుని, సంఘంలో ఎవరైనా పోతే బ్యాండుతో సాగనంపేవారు. ఇంటి నుంచి శ్మశానం దాకా బ్యాండు చాలా నెమ్మదిగా, అడుగులో అడుగు వేస్తూ, శోకగీతాలు వాయిస్తుంది. సైడ్ డ్రమ్ము తంతుల కింద గుడ్డ పెట్టి శబ్దం మూగగా వచ్చేలా చేస్తారు. మట్టి చేశాక, తిరుగుదారిలో, ఆ గుడ్డ తీసేస్తారు. డ్రమ్ము ఒక్కసారి గణగణమంటుంది. బాకా గొంతెత్తుతుంది. బ్యాండు వెనక ఊరి జనం గొడుగులు తిప్పుతూ ఆడుతూ నడుస్తారు. జాజ్‌ను పెంచిన ఉయ్యాలల్లో ఆ శవయాత్ర ఒకటి.

చెప్పండి, ఇది మనకు కొత్తా? నిండు ఆయుష్షు బతికి మనవల్ని, మునిమనవల్ని చూసి పోయిన ముసలమ్మను మనం మేళంతో తీసుకెళ్ళమా? పాడె ముందు తప్పెట మోగదా? మా తాతమ్మ పోయినప్పుడు మాస్టారు క్లారినెట్ వాయిస్తూ ముందు నడిచారు. నాకు తొమ్మిదేళ్ళు. ఏడుస్తూ ఆయన పక్కనే నడిచాను. ఆయన ఊపిరి తీసుకునే చప్పుడు, రీడు పక్క నుంచి జారిన గాలి చిన్నగా బుస్సుమనడం ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. తిరిగి వచ్చేటప్పుడు ఆయన ఏమీ వాయించలేదు. వాద్యం మూడు ముక్కలు విప్పి, గుడ్డలో చుట్టి, చంకన పెట్టుకుని నడిచారు. న్యూ ఆర్లియన్స్ వాళ్ళు తిరుగుదారిలో వాయిస్తారని చాలా ఏళ్ళ తర్వాత నేనాయనకు చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడకుండా, "వాళ్ళకి ఏడవడానికి సెలవు దొరికేది కాదేమోరా, అందుకే దారిలోనే రెండూ కానిచ్చేవాళ్ళు" అన్నారు. పుస్తకాల్లో ఇంతకన్నా మంచి వివరణ నాకు దొరకలేదు.

ఇంకో మాట. జైలుకీ జాజ్‌కీ ఉన్న సంబంధం. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పదకొండేళ్ళ వయసులో, 1912 డిసెంబరు చివరి రాత్రి, వీధిలో పిస్తోలు పేల్చి పట్టుబడ్డాడు. నల్లజాతి పిల్లల కోసం పెట్టిన దిద్దుబాటు బడిలో వేశారు. అక్కడ పీటర్ డేవిస్ అనే మాస్టారు మొదట అతని చేతికి కంజిర లాంటి వాద్యం ఇచ్చాడు. తర్వాత డ్రమ్ము, తర్వాత బ్యూగిల్, చివరికి కార్నెట్. ఏడాదిన్నర తర్వాత ఆ పిల్లవాడు బయటికి వచ్చేటప్పటికి బ్యాండులో వాయించేవాడు. ఇరవయ్యో శతాబ్దపు సంగీతం మొత్తాన్ని మలుపు తిప్పిన వాద్యం ఒక నిర్బంధ గృహంలో చేతికి వచ్చింది. అలాంటి సంగీతం ఒకనాటి నిర్బంధ శిబిరం ముంగిట్లో వినిపిస్తే అపచారమని నేను అనుకోలేను.

ఈ రైలు పట్టాల ఊళ్ళో జాజ్ ఎక్కడ వినిపించేదంటే, నేను చూసినదీ, మా నాన్న చెప్పినదీ కలిపి చెబుతాను. కంపెనీ కాలంలో ఊరంతా గీతలు గీసి ఉండేది. తెల్లవారి బంగళాలు ఒక వైపు, ఆంగ్లో ఇండియన్ డ్రైవర్ల, గార్డుల క్వార్టర్లు ఇంకో వైపు, మన లైన్లు ఇంకెక్కడో. రైల్వే ఇన్‌స్టిట్యూట్లు కూడా వేరువేరు. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా అక్కడ డాన్సులు. చెక్కనేల మీద సుద్దపొడి చల్లి నునుపు చేసేవారు. మా నాన్న కుర్రతనంలో కిటికీ బయట నిలబడి వింటుంటే కాపలావాడు కర్రతో అదిలించేవాడట. ఆ పాట ఇష్టమై, ఆ అదిలింపు బాధై, రెండూ ఒకేసారి ఆయనలో ఉండిపోయాయి. జాజ్ అంటే మన పెద్దల్లో కొందరికి ఉన్న కసి ఆ కిటికీ దగ్గర పుట్టిందే. అది న్యాయమైన కసి. కానీ ఆ పాటను కనిపెట్టినవాళ్ళను కూడా వాళ్ళ దేశంలో అలాంటి కిటికీల బయటే నిలబెట్టారు.

అమెరికా రైళ్ళలో పుల్మన్ కంపెనీ పడక పెట్టెల్లో పనిచేసిన నల్లవారిని ప్రయాణికులు అసలు పేరు అడగకుండా "జార్జ్" అని పిలిచేవారు. కంపెనీ స్థాపకుడి పేరది. ఆ పోర్టర్లు 1925లో సంఘం పెట్టుకున్నారు. పన్నెండేళ్ళు పోరాడి 1937లో కంపెనీ చేత ఒప్పందం మీద సంతకం పెట్టించారు. ఇక్కడ 1927 ఫిబ్రవరిలో మన షాపు వాళ్ళు సమ్మె కట్టారు. అదే ఏడాది చివర్లో, మనుషుల్ని తీసేస్తున్నారన్న గొడవ మీద, షాపు తలుపులు నెలల తరబడి మూతపడ్డాయి. ఆ పోరాటంలో ముందు నిలబడ్డ నాయకుల్లో బరంపురం నుంచి వచ్చిన మన తెలుగువాడు వి.వి. గిరి ఒకరు. 1969లో ఆయన రాష్ట్రపతి అయినప్పుడు నీంపురాలో మిఠాయిలు పంచారు. నేనూ తిన్నాను. మళ్ళీ అమెరికా రైళ్ళకొస్తే, డ్యూక్ ఎలింగ్టన్ జాజ్ బృందం అక్కడి దక్షిణాది రాష్ట్రాలకు వెళ్ళినప్పుడు హోటళ్ళలో నల్లవారికి గది ఇవ్వరు కనుక సొంతంగా పుల్మన్ పెట్టెలు అద్దెకు తీసుకుని వాటిలోనే పడుకునేవారు. 1933లో ఎలింగ్టన్ ఒక రైలుబండి కదలడం, వేగం అందుకోవడం, కూత వేయడం, నిలవడం మొత్తం వాద్యాలతోనే పలికించాడు. దాని పేరు 'డేబ్రేక్ ఎక్స్‌ప్రెస్'. ఆ రికార్డు మాస్టారికి వినిపించినప్పుడు ఆయన కళ్ళు మూసుకుని విని, "ఇంజను ఎక్కినోడే రాశాడిది" అన్నారు. ఫిట్టరు చెవి అది.

ఇక హిజ్లీ గోడల్లో జరిగిన మరో కథ. 1942లో శిబిరం మూతపడింది. ఆ అక్టోబరులో మేదినీపూర్ తీరాన్ని తుపాను ముంచింది. మరుసటి ఏడు బెంగాల్ కరువు వచ్చింది. సుమారు ముప్ఫై లక్షల మంది పోయారని అంచనా. మన స్టేషను ప్లాట్‌ఫారాల మీదే ఎముకల గూళ్ళలాంటి మనుషులు గంజి కోసం చేతులు చాచేవారని మా నాయనమ్మ చెప్పేది. ఆ కరువు పొగ ఆరకుండానే, 1944లో, అమెరికా వైమానిక దళం ఇరవయ్యవ బాంబర్ కమాండ్ హిజ్లీ భవనంలో తన ప్రధాన కార్యాలయం పెట్టింది. చుట్టూ సలువా, కలైకుండా, దూధ్‌కుండీ, పియార్డోబా, చాకులియాల్లో రన్‌వేలు. వేలమంది ఆడా మగా కూలీలు చేత్తో రాళ్ళు కొట్టి, తట్టల్లో మోసి వాటిని తయారు చేశారు. ఆ జూన్ 5న ఇక్కడి నుంచి లేచిన బీ-29 విమానాలు బ్యాంకాక్ మీద బాంబులు వేశాయి. యుద్ధంలో ఆ విమానాల మొదటి దాడి అదే.

ఆ సైనికుల కోసం వాళ్ళ ప్రభుత్వం 1943 నుంచి ప్రత్యేకంగా రికార్డులు చేయించి లోకమంతా ఉన్న శిబిరాలకు పంపింది. వీ డిస్కులు అనేవారు. పన్నెండు అంగుళాల పళ్ళెం, పగలకుండా వినైల్‌తో చేసింది. అమెరికాలో పేరున్న జాజ్ వాద్యకారులంతా వాటికి వాయించారు. మాస్టారు అప్పటికి లోకో షెడ్డులో క్లీనరు. పదిహేనేళ్ళ పిల్లాడు. డ్యూటీ దిగి వచ్చే దారిలో అమెరికన్ల లారీ ఆగి ఉంటే, లోపల గ్రామఫోను మీద క్లారినెట్ వినిపించిందట. ఎవరు వాయించారో ఏనాడూ తెలియలేదు. చేతికంటిన మడ్డి కడుక్కోకుండా, కాలవ గట్టు మీద, పాట అయ్యేదాకా కూర్చున్నానని చెప్పేవారు. ఆ రాత్రి ఇంట్లో అన్నం లేదు. ఆ సంగతి కూడా ప్రతిసారీ చెప్పేవారు. ఒకటి చెప్పి ఒకటి వదిలేయడం ఆయనకు చేతనయ్యేది కాదు. ఆకలి, పాట ఒకే రోజువి.

అదే కాలంలో కలకత్తా గ్రాండ్ హోటల్లో టెడ్డీ వెదర్‌ఫర్డ్ అనే నల్లజాతి పియానో విద్వాంసుడి బ్యాండు సైనికులకు వాయించేది. షికాగోలో ఆర్మ్‌స్ట్రాంగ్‌తో కలిసి వాయించినవాడు. షాంఘై మీదుగా, బొంబాయి తాజ్ హోటల్ మీదుగా కలకత్తా చేరాడు. 1945 ఏప్రిల్‌లో కలరా వచ్చి, నలభై ఒక్కేళ్ళ వయసులో, ఆ నగరంలోనే పోయాడు. బెంగాల్ నీళ్ళు తాగి బెంగాల్ జబ్బుతో పోయినవాడు ఈ నేలకు పరాయివాడా? యుద్ధం కోసం లేడో రోడ్డు వేసిన అమెరికన్ సైనికుల్లో ఎక్కువమంది నల్లవారే. సెలవు దొరికితే కలకత్తా వచ్చేవారు. వాళ్ళ సొంత సైన్యమే వాళ్ళను వేరు పెట్టింది.

1947 తర్వాత ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఒక్కొక్కటే ఇంగ్లండుకు, ఆస్ట్రేలియాకు, కెనడాకు వెళ్ళిపోయాయి. ఇన్‌స్టిట్యూట్ల చెక్కనేల మీద బల్లలు వేసి టేబుల్ టెన్నిస్ మొదలుపెట్టారు. వాద్యకారులు కలకత్తా పార్క్ స్ట్రీట్ హోటళ్ళకు చేరారు. ట్రింకాస్, మొకాంబో, బ్లూ ఫాక్స్. ఆ వీధి చరిత్ర చాలామంది రాశారు కనుక నేను అక్కడ ఆగను. కార్ల్‌టన్ కిట్టో గురించి మాత్రం ఒక మాట. బొంబాయి సినిమా పిలిచినా పిలవకపోయినా, అందరూ వెళ్ళిపోయినా, ఆ గిటారు మాస్టారు 2016లో కన్నుమూసేదాకా కలకత్తాలోనే ఉండి పిల్లలకు జాజ్ నేర్పారు.

ఇటు నుంచి అటు వెళ్ళిన దారి కూడా ఉంది. 1958లో డేవ్ బ్రూబెక్ జాజ్ బృందం మన దేశం తిరిగింది. మద్రాసులో పళని సుబ్రమణ్య పిళ్ళై గారి మృదంగం విని వాళ్ళు నోరు తెరిచారు. తిరిగి వెళ్ళాక కలకత్తా పేరుతో ఒక బ్లూస్ రికార్డు చేశారు. అందులో డ్రమ్ముల మీద జో మొరెల్లో పుల్లలు పక్కన పెట్టి వేళ్ళతో వాయించాడు. పాలకొల్లులో పుట్టిన పద్నాలుగేళ్ళ కుర్రవాడు, ఉప్పలపు శ్రీనివాస్, 1983లో మాండొలిన్ పట్టుకుని బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వేదిక ఎక్కాడు. అరగంట సమయం ఇచ్చారు. జనం లేచి నిలబడి చప్పట్లు ఆపకపోతే ఇంకో గంట వాయించాడు. జాజ్ సభ తెలుగు పిల్లవాణ్ణి "నీదేం సంగీతం?" అని అడగలేదు. మన సభ జాజ్ పిల్లల్ని అడగడం నాకు చిన్నతనంగా ఉంది.

ఈ సంగీతం ఎలా నడుస్తుందో తెలియక దూరంగా ఉన్నవారి కోసం కొంచెం చెప్పనివ్వండి. బ్లూస్ అనే మూసలో పన్నెండు బార్లు. బారుకు నాలుగు దెబ్బలు, మొత్తం నలభై ఎనిమిది. వేలు మడిచి లెక్కపెట్టండి, తాళం వేయడం మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. మొదట అందరూ కలిసి పాట వాయిస్తారు. అది పల్లవి అనుకోండి. తర్వాత ఒక్కొక్కరే, ఆ పన్నెండు బార్ల కొలత దాటకుండా, అప్పటికప్పుడు తోచింది వాయిస్తారు. మన మనోధర్మం అదే. మిగిలినవాళ్ళు వింటూ, తట్టి ఇస్తూ, వెనక ఉంటారు. తర్వాత డ్రమ్ములూ బాకా నాలుగేసి బార్లు పంచుకుని సవాలు జవాబు చేస్తారు. తని ఆవర్తనంలో మృదంగం, ఘటం మాట్లాడుకోవడం విన్నవారికి అది వెంటనే అందుతుంది. మా ఊరి తప్పెటగుళ్ళ వాళ్ళు రొమ్మున కట్టిన రేకు తప్పెట మీద దరువు మార్చినప్పుడు పక్కవాడు కంటి చూపుతో అందుకోవడం చూసినవాళ్ళకు ఇంకా బాగా అందుతుంది. మూడో స్వరం, ఏడో స్వరం కచ్చితంగా పలక్కుండా కొద్దిగా కిందికి వంచుతారు. ఆ వంపులోనే ఏడుపు ఉంటుంది. హార్మోనియం మెట్ల మీద అది దొరకదు. గొంతులో, క్లారినెట్లో, మన సన్నాయిలో దొరుకుతుంది.

మ్యూజియం ముంగిట్లో జాజ్ అనేది మన పిల్లలు కొత్తగా కనిపెట్టింది కాదు. న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం వాళ్ళు 1960లో తమ శిల్పాల తోటలో వేసవి సాయంత్రాలు జాజ్ కచేరీలు మొదలుపెట్టారు. 1965 జూన్‌లో సానీ రోలిన్స్ అక్కడ వాయించిన రికార్డు ఉంది. ఆయన మైకు ముందు నిలబడడు. శిల్పాల మధ్య తిరుగుతూ ఊదుతాడు. శాక్సఫోన్ ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా, గోడ అవతల నుంచి వచ్చినట్టుగా వినిపిస్తుంది. ఇరవై ఏళ్ళ తర్వాత, 1985 జూలైలో, అదే తోటలో తోడు వాద్యాలు లేకుండా ఒక్కడే సుమారు గంటసేపు వాయించాడు. పిల్లలూ, ఆ రెండు రికార్డులూ వినండి.

ఆరుబయట వాయించడం హాల్లో వాయించినట్టు ఉండదు. మాస్టారు నాకు చెప్పినవి మీకు అప్పజెబుతున్నాను. బయలులో శబ్దం తిరిగి రాదు. కనుక కంగారుపడి గట్టిగా ఊదకండి. పెదవి చచ్చిపోతుంది. భవనం గోడను వీపు వెనక పెట్టుకుని నిలబడండి. గోడ మీ శబ్దాన్ని ముందుకు నెడుతుంది. ఎండలో ఇత్తడి వేడెక్కి శ్రుతి పైకి పోతుంది. గిటారు తీగలు వేడికి సాగి శ్రుతి కిందికి దిగుతుంది. రెండూ చెరో దిక్కుకు పోతే పాట నిలవదు. అందుకని పొద్దు వాలాకే మొదలుపెట్టండి. రెండు పాటలకోసారి శ్రుతి చూసుకోండి. చైత్ర వైశాఖాల్లో కాలవైశాఖి గాలి లేస్తుంది, ఆ రోజులు వద్దు. చలికాలం ఆదివారం మంచిది. వేదిక ఎత్తు వద్దు, నేల మీదే నిలబడండి. ఆవిరి ఇంజనుకు తాడు కట్టి బ్యానర్లు వేలాడదీయకండి.

పెద్దాయన గారూ, మీకూ నాదో మనవి. పిల్లలు మొదట నెమ్మదైన పాటతోనే మొదలుపెడతారు. సైడ్ డ్రమ్ము తంతుల కింద గుడ్డ పెడతారు. అంతకుముందు ఆ ఇద్దరి పేర్లు, సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా, మీరే చదవండి. మీ నోటితోనే రావాలి. గుడ్డ ఎప్పుడు తీయాలో కూడా మీరే చెప్పండి. మీరు చెప్పేదాకా తీయవద్దని పిల్లలకు చెప్పాను. సరేనన్నారు.

మాస్టారి క్లారినెట్ వాళ్ళింటివాళ్ళు నాకిచ్చారు. కీల కింద మెత్తలు ఎండిపోయి గాలి జారుతోంది. కీళ్ళ దగ్గర బెండు ఊడిపోయింది. పిల్లలు దాన్ని విప్పి శుభ్రం చేసి, బెండు కొత్తది అంటించి, కొవ్వొత్తి మైనం రాశారు. రీడు మాత్రం మార్చలేదు. పాతదే, చివర కొద్దిగా విరిగింది. శాక్సఫోన్ వాయించే అబ్బాయి నిన్న సాయంత్రం దాన్ని నోట్లో పెట్టుకుని, కాసేపు తడిపి, బిగించి, మెల్లగా ఊదాడు. మొదట గాలి బుస్సుమంది. తర్వాత పలికింది.